అరుదైన ఊపిరితిత్తుల జబ్బులు: పరిశోధన సొమ్ము ఆగితే మన పిల్లలకేంటి?

అమెరికాలో బిడ్డ పుట్టిన ఒకటి రెండు రోజుల్లో నర్సు వచ్చి, పాదం మడమ మీద సూదితో పొడిచి, నాలుగైదు రక్తపు చుక్కలు ఒక కార్డు మీద పట్టుకెళ్తుంది. పక్కనే ఉన్న అమ్మమ్మకో నానమ్మకో ప్రాణం ఉసూరుమంటుంది. తర్వాత పిల్లల డాక్టర్ "అంతా నార్మల్" అంటే ఆ సంగతి అక్కడితో మర్చిపోతాం. ఆ రక్తపు చుక్కల్లో వెతికే జబ్బుల్లో సిస్టిక్ ఫైబ్రోసిస్ ఒకటి. 2010 నాటికి అమెరికాలోని అన్ని రాష్ట్రాల్లోనూ ఈ పరీక్ష మొదలైంది. అయితే ఆ "నార్మల్" అనే మాటను యూరప్ మూలాలున్న బిడ్డ విషయంలో నమ్మినంతగా మన బిడ్డ విషయంలో నమ్మలేం. దీనికి డాక్టర్ల నిర్లక్ష్యం కారణం కాదు. ఎవరి జన్యువుల మీద పరిశోధనకు ఎవరు ఎంత డబ్బు పెట్టారన్నదే కారణం. ఆ డబ్బు చుట్టూ 2025 నుంచి వాషింగ్టన్‌లో నడుస్తున్న గొడవ మనకెందుకు ముఖ్యమో చెప్పడానికే ఇది.

ముందు జబ్బు సంగతి. సిస్టిక్ ఫైబ్రోసిస్, క్లుప్తంగా సీఎఫ్, తల్లిదండ్రులిద్దరి నుంచీ చెరో దెబ్బతిన్న జన్యువు వచ్చిన బిడ్డకు మాత్రమే వస్తుంది. ఊపిరితిత్తుల్లో కఫం జిగురుగా పేరుకుపోతుంది, పదేపదే ఇన్‌ఫెక్షన్లు వస్తాయి, తిన్నది సరిగా అరగదు, బరువు పెరగదు. ఏడో క్రోమోజోమ్ మీదున్న ఆ జన్యువును 1989లో టొరంటోలోని లాప్‌చీ సూయి, జాన్ రియోర్డాన్ బృందాలు, మిషిగన్‌లోని ఫ్రాన్సిస్ కాలిన్స్ బృందం కలిసి పట్టుకున్నాయి. ఈ కాలిన్సే తర్వాత అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ ఎన్‌ఐహెచ్‌కు పన్నెండేళ్లు డైరెక్టర్‌గా ఉన్నారు.

జన్యువు ఒక్కటే అయినా అది చెడిపోయే తీరులు చాలా. ఇప్పటిదాకా 2,000కు పైగా మార్పులు నమోదయ్యాయి. వాటిలో జబ్బు తెస్తాయని తేలినవి 700కు పైనే. అన్నిటికంటే ఎక్కువగా కనిపించేది ఎఫ్508డెల్ అనే మ్యుటేషన్. అమెరికా రోగుల్లో దాదాపు 85 శాతం మందికి దీని కాపీ కనీసం ఒకటి ఉంటుంది. భారత్‌లో రోగుల జన్యువులను చూసిన అధ్యయనాల్లో దీని వాటా 19 నుంచి 44 శాతం మధ్యే వచ్చింది. అంటే మనవాళ్లలో జబ్బు తెచ్చే మార్పుల్లో సగానికి పైగా వేరే ఏవో.

ఇప్పుడు ఆ రక్తపు చుక్క దగ్గరకు వద్దాం. ల్యాబులో మొదట ఐఆర్‌టీ అనే రసాయనం ఎక్కువగా ఉందేమో చూస్తారు. ఉంటే రెండో మెట్టులో జన్యు పరీక్ష. ఇక్కడ జన్యువు మొత్తం చదవరు, ఒక జాబితాలోని మ్యుటేషన్లు ఉన్నాయా లేవా అని మాత్రమే చూస్తారు. ఏ రాష్ట్రం జాబితా ఆ రాష్ట్రానిదే. గర్భిణుల పరీక్ష కోసం 2004లో ఖరారు చేసిన 23 మ్యుటేషన్ల జాబితానే చాలాకాలం అందరికీ కొలబద్దగా ఉంది. ఆ జాబితా వేసింది యూరప్ మూలాల రోగుల్లో ఏవి ఎక్కువో లెక్కగట్టి. మన బిడ్డకు వచ్చిన రెండు మ్యుటేషన్లూ అందులో లేకపోతే, ఐఆర్‌టీ ఎక్కువగా ఉన్నా చాలాచోట్ల ఫలితం "నెగెటివ్" అనే వస్తుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి దగ్గు, నిమ్ము, బరువు పెరగకపోవడం. డాక్టర్ ఆస్తమా అంటారు, మనం ఇక్కడి చలి పడలేదంటాం, ఊళ్లో అమ్మ దిష్టి అంటుంది. ఒకసారి స్క్రీనింగ్‌లో "లేదు" అని రాసేశాక మళ్లీ సీఎఫ్ అని అనుమానించే డాక్టర్లు తక్కువ. పైగా ఇది తెల్లవాళ్ల జబ్బన్న మాట వైద్య పాఠ్యపుస్తకాల్లోనే పాతుకుపోయింది.

కాలిఫోర్నియా, న్యూయార్క్ లాంటి రాష్ట్రాలు జన్యువును పూర్తిగా చదివే మూడో మెట్టును కలిపాయి. 2025లో సీఎఫ్ ఫౌండేషన్ కొత్త మార్గదర్శకాలు ఇస్తూ, జబ్బు తెస్తాయని తేలిన మ్యుటేషన్లన్నిటినీ జాబితాలో పెట్టాలని రాష్ట్రాలను కోరింది. మంచిదే. కానీ అక్కడే అసలు చిక్కుంది. ఒక మార్పు జబ్బు తెస్తుందని "తేలాలంటే" అది ఉన్న రోగులు చాలామంది డేటాబేస్‌లో ఉండాలి, వాళ్ల ఆరోగ్య వివరాలుండాలి, ల్యాబులో ఆ మార్పును కణాల మీద పరీక్షించి ఉండాలి. హైదరాబాద్‌లోనో చెన్నైలోనో పదిమందిలో కనిపించి, అమెరికాలో ఒక్కరిలోనే కనిపించిన మ్యుటేషన్ గురించి అమెరికా ల్యాబు ఒక్కటే ఏమీ తేల్చలేదు. "అర్థం తెలియని మార్పు" అని రిపోర్టులో రాసి వదిలేస్తుంది. జన్యు పరీక్షలు చేయించుకున్న మనవాళ్లలో ఈ మాట చదివి తల పట్టుకున్నవాళ్లు తక్కువేం కాదు.

మందుల విషయంలోనూ ఇదే తంతు. సీఎఫ్‌కు ఇప్పుడున్న గొప్ప మందు ట్రికాఫ్టా. 2019 అక్టోబర్‌లో ఎఫ్‌డీఏ అనుమతి వచ్చింది. ఊపిరితిత్తుల మార్పిడి కోసం ఎదురుచూస్తున్నవాళ్లలో ఎందరో ఆ అవసరమే లేకుండా ఉద్యోగాలు చేసుకుంటున్నారంటే దీనివల్లే. అయితే మొదట ఎఫ్508డెల్ ఉన్నవాళ్లకే ఇచ్చారు. 2020 డిసెంబర్‌లో మరో 177 మ్యుటేషన్లను చేర్చారు, 2024 డిసెంబర్‌లో ఇంకో 94. గమనించాల్సింది ఏమిటంటే, ఈ అరుదైన మ్యుటేషన్లలో చాలావాటికి మనుషుల మీద ట్రయల్ అవసరం లేకుండానే, ల్యాబు కణాల మీద మందు పనిచేసిందని చూపితే ఎఫ్‌డీఏ ఒప్పుకుంది. అంటే మన మ్యుటేషన్ ఎవరో ఒకరి డేటాబేస్‌లో ఉండి, ఎవరో ఒకరు ల్యాబులో పరీక్షించి ఉంటే చాలు, మందు తలుపు తెరుచుకుంటుంది. లేకపోతే లేదు.

ఇంతకీ ఆ మందు ఎలా వచ్చింది? ఇక్కడ డబ్బు కథ చెప్పాలి. సీఎఫ్ ఫౌండేషన్‌ను 1955లో రోగుల తల్లిదండ్రులు పెట్టుకున్నారు. 1990ల చివర్లో వాళ్లొక సాహసం చేశారు. విశ్వవిద్యాలయాలకు గ్రాంట్లిచ్చి ఊరుకోకుండా, శాన్‌డియాగోలోని అరోరా అనే చిన్న కంపెనీకి మందు వెతకమని నేరుగా డబ్బిచ్చారు. ఆ కంపెనీని 2001లో వెర్టెక్స్ కొనేసింది. ఫౌండేషన్ డబ్బు ఇస్తూనే ఉంది. 2012లో మొదటి మందు కాలిడెకో వచ్చింది. 2014లో తమ రాయల్టీ హక్కులను ఫౌండేషన్ 330 కోట్ల డాలర్లకు అమ్మింది. చందాలతో నడిచే సంస్థకు అంత సొమ్ము రావడం అంతకుముందు ఎవరూ వినలేదు. ఆ డబ్బుతోనే 2019లో, ఇప్పుడున్న మందులు పనిచేయని రోగుల కోసం 50 కోట్ల డాలర్ల పథకం మొదలుపెట్టారు.

దీన్ని చూసి "చూశారా, ప్రభుత్వ సొమ్ము లేకపోయినా దాతలు, కంపెనీలు చాలు" అనేవాళ్లున్నారు. ఆ వాదన సగమే నిజం. జన్యువు దొరక్కపోతే ఫౌండేషన్ డబ్బు పెట్టడానికి ఏమీ ఉండేది కాదు. ఆ వేటలో ప్రభుత్వాల సొమ్మూ, ఫౌండేషన్ల సొమ్మూ కలిసి ఉన్నాయి. పైగా అమెరికాలో సీఎఫ్ రోగులు దాదాపు 40,000 మంది ఉన్నారు. అరుదైన జబ్బుల్లో ఇది పెద్ద జబ్బు. ఆ సంఖ్య ఉంది కాబట్టే ట్రికాఫ్టాకు ఏడాదికి 3,11,000 డాలర్ల ధర పెట్టి వెర్టెక్స్ బాగుపడింది. ఇన్సూరెన్స్ ఉన్నవాళ్లకు సరే, ఆ ధర గుంటూరులోనో కరీంనగర్‌లోనో ఉన్న కుటుంబానికి ఏ మాత్రం అందేది కాదు. రాయల్టీ అమ్ముకున్న ఫౌండేషన్ ధర విషయంలో ఎందుకు గట్టిగా నిలబడలేదన్న ప్రశ్నకు నాకు ఇప్పటికీ సరైన జవాబు దొరకలేదు.

సంఖ్య ఇంకా తక్కువైతే ఏమవుతుందో చెప్పే కథ మరొకటుంది. లామ్ అనే జబ్బు దాదాపు పూర్తిగా ఆడవాళ్లకే వస్తుంది, ఎక్కువగా బిడ్డల్ని కనే వయసులో. ఊపిరితిత్తుల నిండా తిత్తులు ఏర్పడి నెమ్మదిగా ఊపిరి అందకుండా పోతుంది. పది లక్షల మంది ఆడవాళ్లకు వేళ్ల మీద లెక్కపెట్టేంత మందే ఉంటారు. 1995లో స్యూ బైర్న్స్ అనే తల్లి, తన కూతురికి ఈ జబ్బని తెలిసి, సిన్సినాటిలో లామ్ ఫౌండేషన్ పెట్టారు. అప్పటికి దీని మీద పరిశోధన చేసేవాళ్లే కరువు. 2000 నాటికి టీఎస్‌సీ2 అనే జన్యువులో మార్పే మూలమని తేలింది. ఆ జన్యువు చెడితే కణంలో ఎమ్‌టార్ అనే మీట ఎప్పుడూ వేసే ఉంటుంది. ఆ మీటను ఆపే మందు అప్పటికే మార్కెట్లో ఉంది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవాళ్లకు ఇచ్చే సిరోలిమస్.

ఆ మందు వెనక మన ఉపఖండం మనిషి ఒకరున్నారు. ఈస్టర్ దీవి మట్టిలోని సూక్ష్మజీవి నుంచి దాన్ని వెలికితీసిన శాస్త్రవేత్త సురేన్ సెహగల్. ఇప్పుడు పాకిస్తాన్‌లో ఉన్న ఊళ్లో పుట్టి, బెనారస్ హిందూ విశ్వవిద్యాలయంలో చదివి, కెనడా వెళ్లారు. 1980ల మొదట్లో కంపెనీ మాంట్రియల్ ల్యాబు మూసేస్తే, ఆ సూక్ష్మజీవిని ఇంటికి పట్టుకెళ్లి ఫ్రీజర్‌లో దాచారు. ఆయన అలా దాచకపోతే ఈ కథే లేదు.

పాత మందు కాబట్టి, రోగులు బహుకొద్ది మంది కాబట్టి, లామ్‌కు అది పనిచేస్తుందో లేదో చూడటానికి ఏ కంపెనీకీ పెద్ద లాభం లేదు. అప్పుడు ఎన్‌ఐహెచ్ నిధులతో నడిచే అరుదైన ఊపిరితిత్తుల జబ్బుల కన్సార్టియం ముందుకొచ్చింది. ప్రభుత్వ సొమ్ము, ఫౌండేషన్ చందాలు, మందు ఇచ్చిన కంపెనీ కలిశాయి. అమెరికా, కెనడా, జపాన్‌లలో 13 ఆసుపత్రులు, మొత్తం 89 మంది ఆడవాళ్లు. మూడు దేశాలు జల్లెడ పడితే దొరికిన సంఖ్య 89. 2011లో ఫలితాలు వచ్చాయి. మందు వేసుకున్నంత కాలం ఊపిరితిత్తుల పనితీరు నిలబడింది, ఆపగానే మళ్లీ దిగజారింది. 2015లో ఎఫ్‌డీఏ అనుమతించింది. లామ్‌కు అదే మొదటి మందు. ఏ ఒక్క దేశమూ ఒంటరిగా ఆ ట్రయల్ ఆ వేగంతో చేయగలిగేది కాదు.

ఇప్పుడు వర్తమానానికి. 2025 ఫిబ్రవరి 7న ఎన్‌ఐహెచ్ ఒక ప్రకటన చేసింది. గ్రాంట్ల మీద విశ్వవిద్యాలయాలకు ఇచ్చే నిర్వహణ ఖర్చుల వాటాను 15 శాతానికి కుదిస్తామని. కరెంటు, ఫ్రీజర్లు, డేటా సర్వర్లు, నైతిక అనుమతుల కమిటీలు నడిచేది ఆ సొమ్ముతోనే. పెద్ద విశ్వవిద్యాలయాలు 50 శాతం పైన కూడా తీసుకుంటున్నాయన్నది నిజం, అందులో కోయదగ్గ కొవ్వు లేదనీ అనలేం. కానీ రాత్రికి రాత్రి కోస్తే ముందు మూతపడేది వేల నమూనాలు దాచిన ఫ్రీజర్లే. కోర్టులు దాన్ని ఆపాయి. ఎన్‌ఐహెచ్ బడ్జెట్‌నే దాదాపు 40 శాతం కోయాలన్న వైట్‌హౌస్ ప్రతిపాదనకూ కాంగ్రెస్ ఒప్పుకోలేదు.

ఈ రెండింటి గురించి పత్రికలు బాగానే రాశాయి. మూడోదాని గురించి మనవాళ్లలో చర్చే జరగలేదు. 2025 మే 1న ఎన్‌ఐహెచ్, అమెరికా విశ్వవిద్యాలయం తన గ్రాంటులో కొంత భాగాన్ని విదేశీ భాగస్వామికి పంపే పద్ధతిని నిలిపేసింది. కొత్త ఏర్పాటు వచ్చేదాకా అలాంటి భాగం ఉన్న గ్రాంట్లు ఇవ్వబోమంది. కొత్త ఏర్పాటులో విదేశీ సంస్థకు ఎన్‌ఐహెచ్ నేరుగా వేరే అవార్డుగా ఇస్తుంది. సొమ్ము ఎక్కడికి పోతోందో లెక్క సరిగా లేదన్నది వాళ్లు చెప్పిన కారణం, అందులో కొంత నిజమూ ఉంది. కానీ అరుదైన జబ్బుల పరిశోధనకు విదేశీ భాగస్వామ్యం అలంకారం కాదు. పదిమంది రోగులు ఒక దేశంలో, పదిమంది ఇంకో దేశంలో ఉన్నప్పుడు ఆ దారిలో ఏడాది ఆలస్యమైనా ట్రయల్ చచ్చిపోతుంది. దానికి తోడు ఆ సెప్టెంబర్‌లో కొత్త హెచ్1బీ దరఖాస్తులపై లక్ష డాలర్ల ఫీజు. హైదరాబాద్ నుంచి పోస్ట్‌డాక్‌గా రావాల్సిన జన్యుశాస్త్ర పట్టభద్రుడి కోసం ఏ ల్యాబు అంత కడుతుంది?

హైదరాబాద్ అని ఊరికే అనలేదు. ఈ రంగంలో అమెరికా, భారత్ చేతులు కలిపిన గొప్ప ఉదాహరణల్లో ఒకటి హబ్సిగూడలోని సీసీఎంబీది. అక్కడి లాల్జీ సింగ్, తంగరాజ్, హార్వర్డ్‌లోని డేవిడ్ రైక్ బృందాలు కలిసి చేసిన పని 2009లో ఒకటి, 2017లో మరొకటి వచ్చాయి. 2017 నాటి అధ్యయనం దక్షిణాసియాలోని 263 సమూహాలను పరిశీలిస్తే, 81 సమూహాలు కొద్దిమంది పూర్వీకుల నుంచే పుట్టి, తమలో తామే పెళ్లిళ్లు చేసుకుంటూ వచ్చినట్టు తేలింది. జన్యు జబ్బులకు పేరుపడ్డ ఫిన్లాండ్ వాళ్లను, అష్కెనాజీ యూదులను మించి. అందులో పది లక్షల పైన జనాభా ఉన్నవి 14.

మన దగ్గరి వైశ్యులదే అందులో చెప్పిన ఉదాహరణ. కొందరికి ఆపరేషన్ ముందు ఇచ్చే ఒక రకం కండరాల సడలింపు మందు నిమిషాల్లో దిగాల్సింది దిగదు, ఊపిరి తీసుకునే కండరాలు కదలవు, వెంటిలేటర్ మీద ఉంచాల్సి వస్తుంది. ఆ మందును విరిచే ఎంజైము జన్యువులో లోపం. ఈ సంగతి తెలిసిన మత్తు డాక్టర్లు మనవైపు "మీరు కోమట్లా?" అని ముందే అడుగుతారు. డల్లాస్‌లో, న్యూజెర్సీలో డాక్టర్‌కు ఆ ప్రశ్న తట్టదు, తట్టాలని ఆశించనూ లేం. అమెరికాలో ఆపరేషన్‌కు వెళ్లే వైశ్య కుటుంబాలు తామే చెప్పుకోవడం మేలు. ఒక్క సమూహంలో ఒక్క జన్యువు తెలిస్తే ఇంత ఉపయోగం. మిగతా సమూహాల్లో ఊపిరితిత్తుల జబ్బులు తెచ్చేవి ఏమున్నాయో వెతకాల్సే ఉంది. మేనరికాలు ఇంకా ఉన్న మన జిల్లాల్లో, ఇద్దరు తల్లిదండ్రుల నుంచీ రావాల్సిన జబ్బులకు అవకాశం ఎక్కువే కదా.

భారత ప్రభుత్వం చేతులు ముడుచుకుని కూర్చోలేదు. 10,000 మంది జన్యు పటాలతో జీనోమ్ ఇండియా డేటాను 2025 జనవరిలో ఫరీదాబాద్ కేంద్రం నుంచి పరిశోధకులకు తెరిచారు. 2021 నాటి అరుదైన జబ్బుల విధానం కింద 50 లక్షల రూపాయల దాకా సాయం ఉంది, హైదరాబాద్‌లో సీడీఎఫ్‌డీ, నిమ్స్ కలిసి ఒక కేంద్రం. ఏడాదికి కోట్ల రూపాయలయ్యే మందుకు 50 లక్షలు ఎన్ని నెలలకు వస్తాయో మీరే లెక్కేసుకోండి. జీనోమ్ ఇండియాలో ఉన్నది ఎక్కువగా ఆరోగ్యవంతుల జన్యువులు. జబ్బు మనిషి జన్యువునూ, అతని ఎక్స్‌రేనూ, ఊపిరి పరీక్షనూ పక్కపక్కన పెట్టే పని వేరు. దానికి ఆసుపత్రులు కలవాలి, దేశాలు కలవాలి, ఆ కలపడానికే డబ్బు కావాలి.

మన సంగతేంటి మరి? మహాసభలకు మనం పెట్టే ఖర్చు అందరికీ తెలిసిందే. అవి వద్దనడం లేదు. మన సంఘాలు ఊళ్లలో కంటి శిబిరాలు, కేన్సర్ పరీక్షా శిబిరాలు పెడుతున్నాయి, అవి ఎందరినో కాపాడాయి. కానీ శిబిరం ఫొటోకు వస్తుంది, రిజిస్ట్రీ రాదు. ఒక జబ్బుకు రోగుల రిజిస్ట్రీ నడపడానికి, ఒక కోఆర్డినేటర్ జీతానికి, నమూనాలు దాచడానికి అయ్యే సొమ్ము, సినిమా తారల విమానం టికెట్లకూ హోటల్ గదులకూ అయ్యేదాని కంటే పెద్దదేం కాదని నా అంచనా. లామ్ ఫౌండేషన్ మొదలైందీ ఒక ఇంటి నుంచే.

డబ్బు కంటే మనవాళ్లు ఇవ్వడానికి జంకేది రక్తం. ఎన్‌ఐహెచ్ వాళ్ల పది లక్షల మంది "ఆల్ ఆఫ్ అస్" పథకంలో దక్షిణాసియా వాళ్ల సంఖ్య తక్కువే. లండన్‌లో బంగ్లాదేశీ, పాకిస్తానీ కుటుంబాలు "జీన్స్ అండ్ హెల్త్" అధ్యయనంలో పెద్ద సంఖ్యలో చేరి, తమ జబ్బుల మీద పరిశోధనకు దారి వేసుకున్నాయి. మనకంటే పేద కుటుంబాలవి. మన జంకులో అర్థం లేకపోలేదు. 2025 మార్చిలో 23అండ్‌మీ దివాలా తీసినప్పుడు తమ డేటా ఎవరి చేతికి పోతుందోనని ఎంతమంది కంగారుపడ్డారో చూశాం. పిల్లకు సంబంధం చూసేటప్పుడు "వాళ్లింట్లో ఏదో జబ్బుందట" అనే మాట పుడుతుందేమోనన్న భయం అంతకంటే పెద్దది. క్యారియర్ అంటే రోగి కాదని, ఇద్దరు క్యారియర్లు పెళ్లి చేసుకుంటేనే బిడ్డకు నాలుగింట ఒక వంతు ప్రమాదమని మన కుటుంబాల్లో ఎంతమందికి తెలుసు?

చేయగలిగిన పనులు కొన్ని చిన్నవే. బిడ్డ పుట్టబోతుంటే, మీ రాష్ట్రంలో సీఎఫ్ పరీక్షలో ఎన్ని మ్యుటేషన్లు చూస్తారు, జన్యువు మొత్తం చదివే దశ ఉందా అని పిల్లల డాక్టర్‌ను అడగండి. పుట్టినప్పుడు నార్మల్ అన్నా, పిల్లాడికి ముద్దుపెడితే ఉప్పగా అనిపించడం, తగ్గని దగ్గు, జిడ్డుగా వాసనతో విరేచనాలు, ఎంత తిన్నా బరువు పెరగకపోవడం ఉంటే చెమట పరీక్ష చేయించమని అడగడానికి మొహమాటపడకండి. ఆ పరీక్షకు జాబితాలతో పనిలేదు, చెమటలో ఉప్పును కొలుస్తుంది. ఏ రాష్ట్రంవాళ్లకైనా, ఏ కులంవాళ్లకైనా ఒకటే.

పరిశోధనలో చేరాలనుకునే పెద్దవాళ్లు ఇంకొకటి తెలుసుకోవాలి. 2008లో వచ్చిన జీనా చట్టం ప్రకారం జన్యు పరీక్ష ఫలితాన్ని చూపి హెల్త్ ఇన్సూరెన్స్ కంపెనీ మిమ్మల్ని కాదనకూడదు, ఉద్యోగం ఇచ్చేవాళ్లూ వివక్ష చూపకూడదు. ఆ రక్షణ జీవిత బీమాకు, వైకల్య బీమాకు, ముసలితనంలో సంరక్షణ బీమాకు వర్తించదు. అందుకే చాలామంది జన్యు సలహాదారులు, పరీక్షకు ముందే జీవిత బీమా సంగతి ఆలోచించుకోమంటారు. పాలసీ చేతికొచ్చాక రక్తం ఇవ్వడానికి వెళ్లినా ఆలస్యమేమీ కాదు.